పదిసార్లు కడిగిన పొడి

ఆ పరిశోధన పత్రం ఏడో పేజీలో ఒక వాక్యం ఉంది: "ఈ ఉత్ప్రేరకాన్ని వరుసగా పదిసార్లు వాడినప్పటికీ దాని సామర్థ్యంలో చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు." వాక్యం కింద ఒక బొమ్మ. బొమ్మలో పది నిలువు గీతలు, పదీ ఒకే ఎత్తు. పత్రం నెత్తిన ఆరుగురి పేర్లున్నాయి. ఆ ఆరుగురిలో ఒకాయన ప్రయోగశాల గడప తొక్కి రెండేళ్లు దాటింది. మరొకాయన ఆ పొడి తెలుపో నలుపో కూడా ఎరగడు. చివరి పేజీలో కృతజ్ఞతల పేరా ఉంది. నిధులిచ్చిన సంస్థకు, యంత్రం అరువిచ్చిన పక్క విభాగానికి, ఆఖరుకు బొమ్మలు గీసిన సాఫ్ట్‌వేరుకు కూడా కృతజ్ఞతలు చెప్పారు. ఆ పది గీతల్నీ ఒకే ఎత్తున నిలబెట్టిన మనిషి ప్రస్తావన మాత్రం పత్రంలో ఎక్కడా లేదు. ఆ మనిషిని అందరూ గాజక్క అంటారు.

గాజక్క ఇరవై రెండేళ్ల కిందట ఆ భవనంలోకి మెట్లు తుడిచే పనికి వచ్చింది. భర్త రంగుల మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసి, దగ్గుతూ దగ్గుతూ నలభై నిండకుండానే పోయాడు. తమ్ముడు తన ఇంటి పక్కనే ఒక గది ఇప్పించాడు. మెట్లు తుడిచే రోజుల్లోనే, మూడో అంతస్తులో ఎవరో గాజు గొట్టాలు కడగలేక వరుసగా పగలగొడుతుంటే చూడలేక, చీపురు గోడకానించి "ఇటివ్వండి" అంది. ఆ రోజు సింకు ముందు నిలబడిన మనిషి మళ్లీ మెట్ల దగ్గరికి పోలేదు.

గాజు కడగడం అంటుగిన్నెలు తోమడం లాంటిదే అనుకునేవాళ్లు ఆమె పక్కన అరగంట నిలబడితే చాలు. సబ్బు నీళ్లు ఒకసారి, కుళాయి నీళ్లు మూడుసార్లు, శుద్ధజలం రెండుసార్లు. ఆ తర్వాత పాత్రను వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసేది. గాజు నిజంగా శుభ్రపడితే నీరు దాని మీద పలచని పొరలా ఎక్కడా తెగకుండా జారుతుంది. ఒక్క చోట చుక్కలుగా విడిపోయినా అక్కడ జిడ్డున్నట్టే. అప్పుడు మళ్లీ మొదటికి. మరకను బట్టి మందు మార్చేది: కొన్నిటికి సోడా, కొన్నిటికి పలచని ఆమ్లం, రంగు మరకలకైతే స్పిరిట్. ఇదంతా ఏ పుస్తకంలోనూ చదివింది కాదు. సీసాల మీద చిన్న అక్షరాలు చదవకపోతే చేతులు కాలే ఉద్యోగం గనక, ఏడో తరగతి చదువుతోనే ఆమె ప్రతి సీసా మీది ప్రతి అక్షరమూ చదివేది.

ఆమెను ప్రతి పదకొండు నెలలకోసారి పనిలోంచి తీసేసి, మూడో రోజున మళ్లీ పెట్టుకునేవారు. ఏడాది నిండితే హక్కు పుడుతుంది. హక్కు పుట్టకుండా ఉండాలంటే ఏడాది నిండనివ్వకూడదు. ఇదీ అక్కడి పద్ధతి, చట్టం కళ్లముందే చట్టానికి గంతలు కట్టే పద్ధతి. కాగితాలను నమ్మాలంటే, ఇరవై రెండేళ్లుగా ఆ సింకు ముందు నిలబడిన ఆ మనిషి అక్కడ ఒక్క ఏడాదైనా పనిచేయలేదు.

ఇక ఆ పొడి. ప్రయోగశాలలో దాన్ని వెలుతురు పొడి అనేవారు. మురికి నీళ్లలో కలిపి వెలుతురు పడనిస్తే, ఆ వెలుతురు శక్తితో నీళ్లలోని రంగును ముక్కలు ముక్కలుగా విరగ్గొడుతుందని దాని ప్రసిద్ధి. అదే పొడిని గాలి చొరబడని గాజు పాత్రలో పెట్టి దీపం కింద ఉంచితే నీళ్లలోంచి హైడ్రోజన్ వస్తుందని, ఆ హైడ్రోజన్‌తో వీధి దీపాలు వెలుగుతాయని రెండో ప్రసిద్ధి. ఈ రెండూ అబద్ధాలు కావు. వెలుతురు నిజంగానే పనిచేస్తుంది, తీరిగ్గా, కొంచెం కొంచెంగా. ఆ కాస్తను కొండంత చేసి చూపించిన లెక్కలోనే మోసం దాక్కుంది. మొదట్లో ఆ మోసం ఎవరూ తెలిసి చేసింది కాదు.

ప్రయోగం చేసింది కళ్లజోడు. నాలుగేళ్లుగా డాక్టరేట్ కోసం రాత్రింబవళ్లు కష్టపడుతున్న అమ్మాయి; ముఖం సగం కళ్లద్దాలే గనక ఆ పేరు. నీలం రంగు కలిపిన నీళ్లలో పొడి వేసి, దీపం కింద తిప్పి, పైకి తేరిన నీటిని కొలిచేది. అడుగున మిగిలిన పొడిని పాత్రతో సహా సింకు పక్క ట్రేలో పెట్టి, "మళ్లీ వాడాలి, కడగగలరు" అని చీటీ అంటించి వెళ్లేది. మర్నాడు ఆరిన పొడి గాజు పళ్లెంలో తెల్లగా ఎదురుచూస్తూ ఉండేది. ఇలా పదిసార్లు, పది గీతలు.

ఆ పొడితో నీళ్లను శుభ్రం చేసే యంత్రాన్ని మొట్టమొదట పెట్టే చోటును ఎంపిక చేశారు. అది గాజక్క వీధే.

ఆ వీధి బోరు నీళ్లలోకి రంగుల మిల్లు మురుగు ఇంకి చాలాకాలమైంది. బోరు కొడితే ఒక్కోరోజు లేత నీలం, ఒక్కోరోజు నేరేడు రసంలాంటి ఊదా. ఆ నీళ్లతో ఒళ్లు కడుక్కున్నవాళ్లకు దద్దుర్లు, తాగినవాళ్లకు ఆసుపత్రి. అందుకని తొమ్మిదేళ్లుగా రోజూ పొద్దున పది గంటలకు ఒక ట్యాంకర్ వస్తుంది. వీధి మొత్తానికి ఆ ట్యాంకరే దిక్కు. ఇప్పుడు బోరు పక్కన, ఆ పొడి పూసిన తెల్లటి పలకలున్న తొట్టె ఒకటి దిగింది. గోడ మీద ప్రకటన అంటించారు: తనిఖీ సంఘం ధ్రువపత్రం ఇచ్చిన తర్వాత, వచ్చే నెల ఒకటో తేదీ నుంచి ట్యాంకర్ సరఫరా నిలిపివేయబడును.

మరదలు, అంటే తమ్ముడి భార్య, ఆ సాయంత్రం గాజక్కకు గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"వదినా, నీ పెత్తనం మన వీధిలోకి కూడా వచ్చేసింది! మీ ల్యాబు మిషనటగా. వీధంతా చాటేశాను, మా వదిన పనిచేసే చోటు నుంచే వచ్చిందని. ఇన్నేళ్లకి నీవల్ల మాకో ఉపకారం."

"నా తమ్ముణ్ణి నీ చేతుల్లో పెట్టినప్పుడు చేసిన ఉపకారం మరిచిపోయావా?"

"అది ఉపకారం కాదు వదినా, అంటగట్టడం."

ఇద్దరూ నవ్వుకున్నారు. తొట్టె దగ్గరికి వెళ్లి చూశారు. నీళ్లు పైనుంచి పలకల మీదుగా పాకి కింద కుళాయిలోంచి తేటగా పడుతున్నాయి. గాజక్క దోసిట్లోకి తీసుకుని చూసింది. నిజంగానే తేటగా ఉన్నాయి. ఛాతీ ఉబ్బినంత పనైంది ఆమెకు. అంతలో ఒక ప్రశ్న అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది.

"ఈ పలకల్ని కడిగేది ఎవరట?"

"కడగడమా? కడగక్కర్లేదట. అదిగో బోర్డు మీదే రాశారు, ఎండ ఉంటే చాలు, ఏ నిర్వహణా అవసరం లేదని. ఏం, ఇక్కడ కూడా నీకో సింకు కావాలా?"

గాజక్క నవ్వలేదు. దోసిట్లో నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోతుంటే బోర్డు కేసి చూస్తూ నిలబడింది.

మర్నాడు పొద్దున్నే కళ్లజోడును సింకు దగ్గరే ఆపేసింది.

"అమ్మాయ్, నిన్నొకటి అడుగుతా. మా వీధి మిషన్లో పలకలెవరు కడుగుతారు?"

"ఎవరూ కడగరక్కా. అదే కదా దాని గొప్ప! రంగుని వెలుతురు విరగ్గొట్టేస్తుంది, పలకల మీద ఏం మిగలదు. పదిసార్లు వాడి చూశాం కదా."

"వాడింది నువ్వు. పదిసార్లూ కడిగింది నేను."

"అదేలే, నీళ్లతో జాడించావు. దానికేముంది?"

"నీళ్లతోనా?" గాజక్క చేతులు తుడుచుకుంటూ నిజంగానే విస్తుపోయింది. "నీళ్లకి పోతే ఇంకేం కావాలి? సిరా బుడ్డిలో ముంచి తీసినట్టుండేది నీ పొడి. స్పిరిట్లో నానేసి, మూడు విడతలు పిండి, నాలుగోసారి వేడి స్పిరిట్ పోస్తేగానీ తెల్లబడేది కాదు. ఒక్కోసారి రెండేసి సీసాలు పట్టేవి."

కళ్లజోడు చేతిలో పుస్తకాల్ని బల్ల మీద పెట్టింది.

"నీలం... అంత ఉండేదా?"

"నువ్వు చూళ్లేదూ?"

"కాస్త నీలంగా ఉండేది. తడి మీదుంది కదా, మిగిలిన నీళ్ల రంగేమో అనుకున్నా. పొద్దున్నకి తెల్లగా కనిపించేది. ఆరితే పోయిందనుకున్నానక్కా!"

"ఆరితే మరకలు పోతాయని ఎవరు చెప్పారే నీకు? ఇంట్లో బట్టలుతికే అలవాటుందా?"

"మరి నువ్వు నాకు చెప్పలేదేం?"

"ఏం చెప్పాలి? తెల్లగా ఇవ్వాలనేగా నన్ను పెట్టుకుంది! నీకు తెలిసే ఇచ్చావనుకున్నా."

జరిగిన పొరపాటు ఇదీ. నీళ్లలోని రంగు విరిగిపోలేదు. చాలా భాగం పొడికి అంటుకుంది, స్పాంజీ సిరాను పీల్చినట్టు. పీల్చడం వేరు, విరగ్గొట్టడం వేరు. పీల్చుకునేది ఎప్పుడో ఒకప్పుడు నిండిపోతుంది, నిండాక కక్కుతుంది. గాజక్క ప్రతిసారీ దాన్ని ఖాళీ చేసి ఇచ్చింది గనక అది పదిసార్లూ కొత్తదానిలాగే పీల్చింది. ఆమె తన పని అంత నిక్కచ్చిగా చేయకపోయుంటే మూడో గీతకే నిజం బయటపడేది. ఒక మనిషి నైపుణ్యాన్ని నైపుణ్యంగా లెక్కించడం చేతగాని చోట, అది పొడి ఖాతాలో పడింది.

వారం రోజులు కళ్లజోడు మళ్లీ ప్రయోగం చేసింది. ఈసారి పొడిని స్పిరిట్ తాకనివ్వలేదు. మొదటి గీత నిండుగా, రెండోది ముప్పాతిక, మూడోది సగం, నాలుగోది నేలకు అంటుకుని. పైగా, పొడి వేశాక అరగంట చీకట్లో తిప్పి, పీల్చుకునేదంతా పీల్చుకున్నాక మిగిలిన రంగునే మొదటి కొలతగా తీసుకోవాలి. ఆమె పొడి వేయకముందు రంగును తీసుకుంది. ఆమెకంటే ముందు ఆ ప్రయోగశాలలో చదువుకున్న అబ్బాయి ఆమెకు అలాగే నేర్పి వెళ్లాడు.

ఇద్దరూ కలిసి పెద్దసార్ గదికి వెళ్లారు. పెద్దసార్ ప్రయోగశాల అధిపతి. ఆరు పేర్లలో ఆఖరి పేరు ఆయనదే, అక్కడ ఆఖరి పేరే అన్నిటికంటే పెద్దది. గదిలో ఎండపొడ పడకుండా దళసరి తెరలు. ఆయన అంతా విన్నాడు. గాజక్క వైపు చూసి అడిగాడు:

"నువ్వెంతవరకు చదివావమ్మా?"

"ఏడు, సార్."

"మరి?"

ఆ "మరి"లో ఒక వ్యవస్థ మొత్తం ఉంది. చదివినవాడికే తెలుస్తుందని, తెలిసినవాడికే చెప్పే హక్కుందని, చేసినవాడి చేతికి నోరుండకూడదని ఏ చట్టంలోనూ రాయలేదు. రాయనవసరం లేకుండానే అమలవుతోంది.

"కడగడం పద్ధతుల్లోకి రాదమ్మా," అన్నాడాయన, కోపం లేకుండానే. "అది హౌస్‌కీపింగ్. పత్రంలో రాసేది కాదు."

"రాయకపోతే పోనివ్వండి సార్. మిషన్‌తో పాటు నన్ను కూడా మా వీధిలో బిగిస్తారా? రోజూ స్పిరిట్‌తో పలకలు కడిగేది ఎవరు?"

"నీళ్ల సంగతి అలా ఉంచు. హైడ్రోజన్ వస్తోంది కదా? నీ కళ్లముందే దానితో దీపం వెలిగింది కదా?"

"స్పిరిట్ పోసిన రోజే వెలిగింది సార్. నేను సీసా నింపడం మరిచిన రోజున పొద్దుగూకేదాకా కూర్చున్నా ఒక్క బుడగైనా రాలేదు. ఆ అమ్మాయినడగండి."

కళ్లజోడు నేల చూపులు చూసింది. అదీ నిజమే. వెలుతురు పని సులువు కావడానికి ఆ నీళ్లలో స్పిరిట్ కలుపుతారు. అది ఖర్చవుతున్నంతసేపే హైడ్రోజన్ జోరుగా వస్తుంది. పత్రంలో ఆ విషయం ఉంది, సన్న అక్షరాల్లో. వీధిలో పెట్టిన బోర్డు మీద "మురికి నీటి నుంచి ఇంధనం" అని ఉంది, జానెడేసి అక్షరాల్లో.

"తనిఖీ సంఘం విచారణ పదిహేనో తారీఖున," అన్నాడు పెద్దసార్, లేచి నిలబడి. "అక్కడ సాంకేతిక విషయాలు సాంకేతిక అర్హత ఉన్నవాళ్లు మాట్లాడతారు. నువ్వేమ్మా," ఇది కళ్లజోడుతో, "థీసిస్ ఎప్పుడు సమర్పిస్తున్నావు? నా సంతకం కావాలి కదా?"

విచారణ వీధి చివరి పాఠశాల హాల్లో జరిగింది. సంఘం అధ్యక్షుడు ఒక విశ్రాంత ఇంజనీరు. తెల్ల మీసం, చల్లటి చిరునవ్వు, ఎవరి మాటైనా సగంలో తుంచేసే మర్యాద. పెద్దసార్ ఇరవై నిమిషాలు మాట్లాడాడు. పది గీతలు గోడ మీద మెరిశాయి. ఆ తర్వాత గాజక్క లేచింది.

"నేను ఆ పొడిని కడిగినదాన్నండీ."

"మీరు సాంకేతిక నిపుణులా?"

"కడిగినదాన్నని చెప్పాను కదండీ."

"సాంకేతిక అంశాల మీద అర్హత లేనివారి మౌఖిక ప్రకటన నమోదు చేయడం కుదరదు. నివాసిగా మీకేమైనా అసౌకర్యముంటే చెప్పండి."

"అలాగే, నివాసిగానే చెబుతా. ఈ మిషన్ ఎండతో పనిచేస్తుందన్నారు. ఎండ తీసేసి చూపిస్తాను, చూడండి. రెండు బకెట్లు, రెండు కొత్త పలకలు, ఒకే బోరు నీళ్లు. ఒకటి ఎండలో, ఒకటి మూతేసి. ఎక్కువసేపేం పట్టదు."

వద్దనడానికి అధ్యక్షుడికి కారణం దొరకలేదు. హాలు నిండా జనం. రెండు బకెట్లు వరండాలోకి తెచ్చారు. ఒక దాని మీద మరదలు నల్ల గుడ్డ కప్పి, దాని మీద మూత పెట్టి, మూత మీద తనే కూర్చుంది. "ఎండ దూరాలంటే ముందు నన్ను లేపాలి," అంది. రెండు గంటలు గడిచాయి. సంఘం సభ్యులు టీలు తాగారు. మూత తీశారు.

రెండు బకెట్లలోనూ నీళ్లు ఒకేలా ఉన్నాయి. రెండూ తేటగానే.

గాజక్క అధ్యక్షుడి ముఖం కేసి చూసింది. వెలుతురు తగలని బకెట్టు కూడా తేరిందంటే, తేర్చింది వెలుతురు కాదు. ఇంతకంటే తేటగా ఒక నిజాన్ని ఏ న్యాయస్థానం ముందైనా పెట్టలేరు.

అధ్యక్షుడి ముఖం వికసించింది.

"భేష్! ఎండ లేకపోయినా పనిచేస్తోందన్నమాట! ముసురు పట్టిన రోజుల్లో ఎలాగా అని నాకూ దిగులుగానే ఉండేది." గుమాస్తా వైపు తిరిగాడు. "రాసుకోండి. మేఘావృత వాతావరణంలో సైతం సంతృప్తికరంగా పనిచేయును."

గుమాస్తా రాశాడు. పెద్దసార్ తల పంకించాడు. ఆయనకు తెలుసు. పీల్చడానికీ విరగ్గొట్టడానికీ తేడా విద్యార్థులకు పాఠం చెప్పే మనిషి, తన యంత్రం మీద పడిన దెబ్బను పూలదండగా మెళ్లో వేస్తుంటే మెడ వంచాడు. అప్పటిదాకా జరిగింది పొరపాటు. ఆ తల పంకించిన క్షణం నుంచి అది నేరం.

"మూతేసినా పనిచేసే దానికి ఎండ పేరెందుకండీ?" అని మరదలు అరిచింది. "నేను కూర్చున్నా కాబట్టి నా పేరు పెట్టండి!"

హాలు గొల్లుమంది. గాజక్క మాత్రం సంచీలోంచి స్పిరిట్ సీసా తీసి, మూతేసిన బకెట్లోని పలకను పైకెత్తి, దాని మీద ధారగా పోసింది. పలక మీంచి నీలం దిగింది. వరండా గచ్చు మీద చారగా పాకి, ముందు వరస కుర్చీల కాళ్ల దాకా వచ్చి ఆగింది. నవ్వులు ఆగిపోయాయి.

"అది తాగునీరు కాదు," అన్నాడు అధ్యక్షుడు, కాళ్లు వెనక్కి తీసుకుంటూ. "స్పిరిట్ ఈ తనిఖీ పరిధిలోకి రాదు." గుమాస్తాతో, "స్థానికులు కొన్ని అపోహలు వ్యక్తపరచినారు, నివృత్తి చేయడమైనది, అని రాసి ముగించండి."

"ముగించకండి," అంది గాజక్క.

గోడ మీది ప్రకటనను వీధిలో అందరూ మొదటి రెండు వరుసలు చదివి వదిలేశారు. సీసాల మీద చిన్న అక్షరాలు చదివే మనిషి దాని అడుగున ఉన్నదీ చదివింది. అందిన ప్రతి లిఖితపూర్వక అభ్యంతరానికి సంఘం లిఖితపూర్వకంగా సమాధానం ఇచ్చిన మీదటే ధ్రువపత్రం అమల్లోకి వచ్చును. అభ్యంతరంపై ఒక సాక్షి సంతకం ఉండవలెను. ఇలాంటి నిబంధనలు జనం కోసం రాస్తారు, జనం చదవరన్న భరోసాతో రాస్తారు. ఆమె బల్ల దగ్గరికి వెళ్లి, మడిచిన కాగితం విప్పి పెట్టింది. రెండు రోజులు కూర్చుని తన చేత్తోనే రాసుకుంది:

"నేను ఈ పొడిని పదిసార్లు స్పిరిట్‌తో కడిగాను. పదిసార్లూ నీలం వచ్చింది. కడగకుండా వాడితే నాలుగోసారికి నీళ్లు తేరలేదు. మా వీధిలో కడిగేవాళ్లు ఎవరూ లేరు. పలకలు కడగకుండా పదిహేను రోజులు నడిపి, రోజూ నీళ్లు కొలిచి, అప్పుడు చెప్పండి. అంతవరకు మా ట్యాంకర్ ఆపవద్దు."

"సాక్షి?" అన్నాడు అధ్యక్షుడు కాగితం వెనక్కి నెడుతూ. "సాక్షి సంతకం లేదు."

"నేను పెడతా," అని మరదలు లేచింది.

"విషయం స్వయంగా తెలిసిన సాక్షి ఉండాలమ్మా. కుటుంబ సభ్యులు పనికిరారు."

ప్రకటనలో అలాంటి ముక్క ఒక్కటీ లేదు. అప్పటికప్పుడు ఆయన నోట్లో పుట్టింది. గాజక్క వెనక్కి తిరిగి చూసింది. నాలుగో వరసలో కళ్లజోడు కూర్చుని ఉంది. ఆ అమ్మాయి పొద్దుటి నుంచీ నోరు విప్పలేదు. ఆ మౌనాన్ని తప్పుపట్టడం తేలిక. నాలుగేళ్ల బతుకు ఒక సంతకం మీద వేలాడుతున్నప్పుడు మనలో ఎంతమందికి నోరు పెగులుతుందో ఎవరికి వారు ప్రశ్నించుకోవాలి. గాజక్క ఆమెను పిలవలేదు. చూపు తిప్పేసుకుంది కూడా.

కుర్చీ కిర్రుమంది. కళ్లజోడు వచ్చి, పెద్దసార్ కేసి చూడకుండా, కలం తీసి సంతకం పెట్టింది. కింద తనెవరో కూడా రాసింది: ప్రయోగం చేసిన విద్యార్థిని.

"బాగా ఆలోచించుకున్నావా?" అన్నాడు పెద్దసార్ మెల్లగా.

"లేదు సార్. ఆలోచిస్తే పెట్టలేను."

"అందినట్టు ముద్ర వేసి ఒక నకలివ్వండి," అంది గాజక్క అధ్యక్షుడితో. నకలు చేతికందేదాకా బల్ల దగ్గరనుంచి కదల్లేదు.

ఆరు రోజులకు సంఘం సమాధానం వచ్చింది. అభ్యంతరాన్ని తోసిపుచ్చాలంటే కారణం రాయాలి. రాసిన కారణం కింద సంతకం పెట్టాలి. ఆ సంతకానికి సంఘంలో ఎవరూ ముందుకు రాలేదు. పలకల్ని తాకకుండా పదిహేను రోజులు యంత్రాన్ని నడపాలని, ఫలితం తేలేవరకు ట్యాంకర్ కొనసాగాలని ఉత్తర్వు. అదే రోజున గాజక్కకు ఇంకో కాగితం కూడా అందింది. పదకొండు నెలలు పూర్తవడానికి ఇంకా రెండు నెలలుంది. అయినా తీసేశారు. మూడో రోజున ఎవరూ పిలవలేదు.

ఆమె ఒక ముక్కాలిపీట తెచ్చి తొట్టె పక్కన వేసుకుంది. పొద్దున వెలుగొచ్చింది మొదలు చీకటి పడేదాకా అక్కడే. ఆ తర్వాత తమ్ముడి వంతు. ఇరవై రెండేళ్లు కడిగిన మనిషి ఇప్పుడు ఎవరూ కడగకుండా కాపలా కాస్తోంది.

మూడో రోజు మధ్యాహ్నం ల్యాబులో కొత్తగా చేరిన పనివాడొకడు వచ్చాడు. చేతిలో అయిదు లీటర్ల డబ్బా, కుచ్చు బ్రష్షు.

"పలకలు తుడిచి రమ్మన్నారు. మామూలుగా చేసేదే అన్నారు."

గాజక్క లేవలేదు. "డబ్బాలో ఏముంది బాబూ?"

"ఏమో, మందు."

"మూత తియ్యి." స్పిరిట్ వాసన పీట దగ్గరికే వచ్చింది. "తుడుచుకో, నేను అడ్డం రాను. ముందు ఈ పుస్తకంలో రాయి. ఎవరు పంపారు, ఏం తెచ్చావు, ఎన్నింటికి తుడిచావు. కింద నీ సంతకం పెట్టు. రాసేశాక ఎంతసేపు తుడిచినా నాకభ్యంతరం లేదు."

అతను పుస్తకం కేసి చూశాడు, ఆమె కేసి చూశాడు.

"అమ్మా, నేను కూడా మీలా పదకొండు నెలల వాణ్ణే."

"తెలుసు. అందుకే రాయమంటున్నా. రేపేదైనా తేడా వస్తే నిన్నే ముందు పెడతారు, పంపినవాడు వెనక తలుపులోంచి పోతాడు. టీ తాగుతావా?"

అతను టీ తాగాడు. డబ్బా మూత బిగించుకుని వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

అయిదో రోజు పొద్దున కుళాయి తిప్పితే నీళ్లు లేత నీలంగా పడ్డాయి. ఎండ దంచేస్తోంది, పలకల మీద వెలుతురుకేం కొదవ లేదు. కొలత తీయడానికి వచ్చిన గుమాస్తా గాజు గొట్టంలోకి నీళ్లు పట్టి, వెలుతురుకి ఎత్తి చూసి, అంకె రాసుకున్నాడు. గాజక్క అదే అంకె తన పుస్తకంలో కూడా రాయించుకుంది. ఇంకా పది రోజులుంది. అయినా ఆ వీధిలో ఆ నీళ్లను ఇక ఎవరూ తేట నీళ్లని అనలేరు.

ఏడో పేజీ వాక్యం మాత్రం ఇంకా అలాగే ఉంది. పత్రాన్ని సరిచేయమని కళ్లజోడు రాసిన లేఖకు పత్రిక సంపాదకుల నుంచి, అందరు రచయితల అంగీకారం కావాలని జవాబు వచ్చింది. ఆరుగురిలో అంగీకరించింది ఒక్కరే, రాసిన అమ్మాయి. ఆమె థీసిస్ మీద సంతకం ఇంకా పడలేదు.

పది గంటలకు ట్యాంకర్ వీధి మొదట్లో ఆగింది; రోజూ నీళ్లు పట్టే మరదలు ఇవాళ పీట మీద కాపలా కూర్చుంది. డ్రైవర్ గొట్టం దించుతూ, వరసలో ముందున్న మనిషిని చూసి ఆశ్చర్యపోయాడు. తొమ్మిదేళ్లలో పగటిపూట ఆమెను ఆ వరసలో ఎప్పుడూ చూడలేదు.

"ఏంటక్కా, ఇవాళ సెలవా?"

"సెలవు కాదు, తీసేశారు. నువ్వు గొట్టం ఇటు తిప్పు, వెనక చాలామందున్నారు," అంది గాజక్క, బకెట్టు ముందుకు జరుపుతూ.